ఐదో బ్యాచ్ ఫొటోలు

ఆ ఇంజనీరింగ్ కాలేజీలో లోహాల ల్యాబ్ కింది అంతస్తులో, మెట్లకు ఆనుకుని ఉంటుంది. తలుపు తీయగానే తడి ఇసుక వాసన, స్పిరిట్ వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. గోడ వారగా నీళ్లు కారుతూ తిరిగే నాలుగు చక్రాలు, వాటి పక్కన తొట్టి, కిటికీ దగ్గర గుడ్డ కప్పిన మైక్రోస్కోపు. ఇరవై ఆరేళ్లుగా ఆ గదిలో పని చేస్తున్నది ఒకే మనిషి. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. పిల్లలు పిలిచే పేరు మాత్రం అద్దాలక్క.

పేరు ఊరికే రాలేదు. ఎవరైనా వేలెడంత లోహపు ముక్క తెచ్చిస్తే, దాన్ని ఆమె నల్లటి ప్లాస్టిక్ బిళ్లలో పొదిగి, గరుకు కాగితం మీద మొదలుపెట్టి నున్నటి కాగితం దాకా వరసగా రుద్ది, చివరికి మఖమలు గుడ్డ చుట్టిన చక్రం మీద వజ్రపు పేస్టుతో మెరుగు పెట్టేది. పని అయ్యాక అందులో ముఖం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. ఆ తర్వాత ఒక్క చుక్క యాసిడ్ వేస్తే అద్దం మసకబారి, లోహం లోపలి గడులు బయటపడతాయి. కరిగిన లోహం చల్లబడి గడ్డకట్టేటప్పుడు లోపల ఏర్పడే ఆ గడులనే గ్రెయిన్లంటారు. అవి ఎంత చిన్నవైతే పోత అంత గట్టిదని లెక్క. మైక్రోస్కోపులో వాటి ఫొటోలు తీయడం కూడా ఆమె పనే.

"మెత్తటి లోహం మెత్తటి మనిషి లాంటిదమ్మా," అనేది కొత్తగా వచ్చిన పిల్లలతో. "గట్టిగా మందలించావో, గీత పడిపోతుంది. ఇక ఎంత బతిమాలినా పోదు."

ఆమె తీసిన ఫొటోలు ఎన్ని పరిశోధన పేపర్లలో అచ్చయ్యాయో ఆమెకే తెలియదు. చివర్లో "సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క ఉండేదట. ఉండేదట అనడం ఎందుకంటే, ఆమె ఒక్కటి కూడా పూర్తిగా చదవలేదు. ఒకసారి భర్త ముచ్చటపడితే ఇంట్లో కంప్యూటర్‌లో వెతికి పట్టుకుంది. తీరా తెరవబోతే, లోపలికి రావాలంటే డబ్బు కట్టమంది దాన్ని వేసిన జర్నలు. తను తీసిన ఫొటో తను చూడటానికి!

"పెళ్లికూతుర్నే పందిట్లోకి రానివ్వకపోవడమంటే ఇదేనేమో," అన్నాడు భర్త. ఆయన దర్జీ. ఇంటి ముందు గదే దుకాణం. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా జోకులు వేయగల మనిషి.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ వెతకలేదు, తొందరమ్మ పేపర్ వచ్చేదాకా.

తొందరమ్మ పరిశోధన చేసే అమ్మాయి. మెట్లు రెండేసి దిగేది, టీ చల్లారకుండానే తాగి నాలుక కాల్చుకునేది. ఆ పేరు పెట్టింది అద్దాలక్కే. ఆ అమ్మాయి పని పంపుల్లో తిరిగే అల్యూమినియం చక్రాల పోత గురించి. కరిగిన లోహాన్ని అచ్చులో పోశాక, ఆ అచ్చును వణికే బల్ల మీద పెట్టి కాసేపు కుదిపితే గ్రెయిన్లు చిన్నవవుతాయి. ఎంతసేపు కుదపాలన్నదే ప్రశ్న. పది సెకన్ల నుంచి తొంభై సెకన్ల దాకా ఐదు బ్యాచ్‌లు పోసింది. నాలుగు బ్యాచ్‌ల దాకా, అంటే అరవై సెకన్ల దాకా, గ్రెయిన్లు మెల్లమెల్లగా తగ్గాయి. ఐదో బ్యాచ్‌లో, అంటే తొంభై సెకన్లు కుదిపిన దాంట్లో, ఒక్కసారిగా సగమయ్యాయి. ఆ సగమే పేపర్‌కు ప్రాణం.

దాన్ని తాళం లేని జర్నల్లో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకునే ఓపెన్ యాక్సెస్ జర్నల్లో వేయాలని ఆ అమ్మాయికి గైడుగా ఉన్న ప్రొఫెసర్ పట్టుబట్టాడు. అలాంటి చోట అచ్చువేయాలంటే రాసినవాళ్లే ఫీజు కట్టాలి. ఆ ఫీజు మంజూరు చేయించడానికి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. "పంపులు పోసేవాడికి పనికొచ్చే విషయం వాడికి దొరక్కుండా దాచి, మనలో మనమే చదువుకుని చప్పట్లు కొట్టుకుంటే ఏం లాభం?" అనేవాడు. జర్నలు నియమం ప్రకారం ముడి లెక్కలతో పాటు తీసిన ఫొటోలన్నీ కూడా అందరికీ కనపడేలా పెట్టాలి. పేపర్‌లో వాడినవి పన్నెండు. తీసినవి రెండొందల పైచిలుకు.

"ఇవన్నీ ఎవరు చూస్తారక్కా?" అంది తొందరమ్మ, ఎక్కించేటప్పుడు విసుక్కుంటూ.

"చూసేవాళ్లు చూస్తారు. చూడనివాళ్లకి బరువా ఏంటి?" అంది అద్దాలక్క.

పేపర్ వచ్చిన రోజు ఆమె ఫోనులోనే మొదటి నుంచి చివరి దాకా చదివింది. సగం అర్థమైంది, సగం కాలేదు. ఫొటోలు మాత్రం వేళ్లతో పెద్దవి చేసి, కుట్టు మిషను దగ్గరికి తీసుకెళ్లి భర్తకు చూపించింది.

నాలుగు నెలల తర్వాత, ఒక శుక్రవారం మధ్యాహ్నం, ప్రొఫెసర్ ల్యాప్‌టాప్ పట్టుకుని ల్యాబ్‌లోకి వచ్చాడు. తొందరమ్మ అప్పటికే అక్కడుంది. థీసిస్ ఇచ్చేసింది. మౌఖిక పరీక్ష ఒక్కటే మిగిలింది. ఒక కంపెనీలో ఉద్యోగం కూడా ఖాయమైంది.

"ఒక ఉత్తరం వచ్చింది, వినండి," అని ఆయన చదివాడు.

రాసినవాడు ఎక్కడో దూరాన లోహాలు పోత పోసే ఒక ఫౌండ్రీలో మేస్త్రీ. ముప్పై ఏళ్లుగా అచ్చులు చేస్తున్నాడట. "నాకు చదువు తక్కువ, కళ్లజోడు నంబరు ఎక్కువ. మీ పేపర్ ఉచితంగా దొరికింది కాబట్టి, మా అల్లుడి సాయంతో చదివాను. మీరు చెప్పినట్టే తొంభై సెకన్లు కుదిపాం. ముక్క విరిచి చూస్తే గ్రెయిన్లు తగ్గలేదు సరికదా, అచ్చుల అంచులు రాలిపోతున్నాయి. తప్పు మాదేమో అనుకుని మీ ఫొటోలన్నీ దింపుకుని చూశాను. ఒక అనుమానం. గట్టిదనం కొలవడానికి మీరు వజ్రపు మొనతో పొడిచిన గుంటలు కొన్ని ఫొటోల్లో మూలన కనబడుతున్నాయి. నాలుగో బ్యాచ్‌లో, ఐదో బ్యాచ్‌లో పెట్టిన బరువు ఒకటే. పట్టికలో గట్టిదనమూ ఇంచుమించు ఒకటే. మరి ఐదో బ్యాచ్ గుంట నాలుగో బ్యాచ్ గుంటలో సగమే ఎందుకుంది? తెలియక అడుగుతున్నాను, తప్పయితే మన్నించండి."

వెనకాల మెరుగు చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అద్దాలక్క చెయ్యి చాచి దాన్ని ఆపింది.

అందులో అర్థం కానిదేమీ లేదు. ఒకే గట్టిదనం ఉన్న లోహాన్ని ఒకే బరువుతో పొడిస్తే ఒకే గుంట పడాలి. గుంట సగంగా కనబడుతోందంటే ఫొటో మీది కొలబద్దే తప్పు. కొలబద్ద తప్పయితే గ్రెయిన్లూ సగం కాలేదు. ఐదో బ్యాచ్ నాలుగో బ్యాచ్ లాంటిదే. తొంభై సెకన్లు దండగ.

ప్రొఫెసర్ తొందరమ్మ వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు చెప్పాను, తొందర పనికి రాదని? కొలిచేటప్పుడు స్కేలు మార్చేసి ఉంటావు."

"లేదు సార్... అంటే, ఏమో సార్. మళ్లీ చూస్తాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అద్దాలక్క తన చేతుల వంక చూసుకుంది. స్కేలు అమ్మాయి వేసింది కాదు. ఫొటో తీసేటప్పుడే మైక్రోస్కోపు సాఫ్ట్‌వేర్ దాని మీద కొలత గీత గీసి ఇస్తుంది. ఏ లెన్సు పెట్టామో సాఫ్ట్‌వేర్‌కు దానంతటదే తెలియదు, మనమే చెప్పాలి. చెప్పేది తనే.

ఇంత తెలిసీ ఆమె నోరు మెదపలేదు. వాళ్లిద్దరూ పైకి వెళ్లాక, బీరువాలోంచి రిజిస్టరు తీసింది. ఐదో బ్యాచ్ తేదీ దగ్గర తన దస్తూరీలోనే ఉంది: పది రెట్ల లెన్సు. కంప్యూటర్‌లో ఆ రోజు ఫొటోల వివరం తెరిచింది: ఇరవై రెట్ల సెట్టింగు. ముందురోజు మధ్యాహ్నం పక్క విభాగంవాళ్లు వచ్చి ఇరవై పెట్టుకుని పని చేసి వెళ్లినట్టు కూడా రిజిస్టరులో ఉంది. వాళ్లు వదిలేసి వెళ్లిన సెట్టింగును తను పొద్దున వచ్చి చూసుకోలేదు. ఇరవై ఆరేళ్లలో వేల ఫొటోలు. చూసుకోని ఉదయం ఒక్కటి.

రిజిస్టరు మూసి, ఉన్నచోటే పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

శనివారం సెలవైనా తాళం చెవి కోసం తొందరమ్మ ఫోన్ చేసింది. "లెక్కలన్నీ మళ్లీ వేస్తానక్కా, ఎక్కడ చెడగొట్టానో తెలియడం లేదు," అంది. ఆ గొంతులో తొందర లేదు. తాళం చెవి వాచ్‌మన్ దగ్గరుందని చెప్పి అద్దాలక్క ఫోన్ పెట్టేసింది. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. చెప్పలేదు. ఉద్యోగం ఇంకా మూడేళ్లుంది. తన పని మీద ఒక మాట పడనివ్వని మనిషన్న పేరుంది. పైగా, ఆ అమ్మాయి తన తప్పు కాదని తనే కనిపెట్టేస్తే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు కదా అన్న పిరికి ఆశ ఒకటి లోపలెక్కడో నక్కి కూర్చుంది.

ఆదివారం పొద్దున భర్త ఒక కోటు గుడ్డ పరిచి సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పింది. ఆయన నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. అంటే జోకు రాదన్నమాట.

"మనకి పెళ్లైన కొత్తలో ఒకాయన ప్యాంటు గుడ్డ ఇచ్చాడు, గుర్తుందా? కత్తెర తప్పు పడింది. నేనేమో, గుడ్డే తక్కువ తెచ్చారండీ అని చెప్పేశాను. ఆయన పాపం, కొట్టువాడితో పోట్లాడి వచ్చాడు."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ ఆ కొట్టు ముందు నుంచి వెళ్లాలంటే నాకు తల ఎత్తాలనిపించదు." ఆయన మళ్లీ సుద్దముక్క అందుకున్నాడు. "నువ్వేం చేయాలో నేను చెప్పనోయ్. నీకు తెలుసు కాబట్టే కాఫీ కూడా తాగకుండా కూర్చున్నావు."

సోమవారం ఆమె రిజిస్టరు చంకలో పెట్టుకుని మెట్లెక్కి ప్రొఫెసర్ గదికి వెళ్లింది. తొందరమ్మ అక్కడే, కళ్లు వాచిపోయి కూర్చుని ఉంది.

"సార్, తప్పు ఈ పిల్లది కాదు. నాది," అని రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టింది. లెన్సు, సెట్టింగు, పక్క విభాగం, తను చూసుకోకపోవడం, అన్నీ వరసగా చెప్పింది. శుక్రవారం సాయంత్రమే తెలుసన్నది కూడా దాచలేదు.

ఆ చివరి మాట వినగానే తొందరమ్మ లేచి నిలబడింది. "శుక్రవారమే తెలుసా? రెండు రోజులు, అక్కా! రెండు రోజుల నుంచి నేను తిండి తినలేదు. మా అమ్మకి ఫోన్ చేసి, నాకు చదువు రాలేదమ్మా అని ఏడ్చాను."

"తెలుసమ్మా."

"నేను ఫోన్ చేసినప్పుడైనా ఒక్క మాట అనొచ్చు కదా!"

"అనాల్సింది. ధైర్యం చాల్లేదు." తొందరమ్మ విసురుగా బయటికి వెళ్లిపోయింది.

ప్రొఫెసర్ రిజిస్టరు తన వైపు తిప్పుకుని ఆ పేజీ చదివాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పరువు, పిల్ల ఉద్యోగం, ఫీజు కోసం తిరిగిన తిరుగుడు, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగి ఉంటాయి. "అమ్మా, సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం వల్ల అని రాసేద్దాం. సవరణ ఎలాగూ వేస్తాం. ఎవరి మీదా మాట రాదు," అన్నాడు మెల్లగా.

"సాఫ్ట్‌వేర్‌కి నోరు లేదు కదా అని దాని నెత్తిన రుద్దితే ఎలా సార్? అదే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎంతమంది ఉన్నారో! వాళ్లంతా తమ ఫొటోల్ని కూడా అనుమానించాలి మనవల్ల." రిజిస్టరు మూసి, "ముందు ముక్కలు చూద్దాం రండి. నేను ఏదీ పారేయలేదు," అంది.

నిజంగానే పారేయలేదు. బిళ్లలన్నీ తేమ తగలని గాజు జాడీలో, దూది మధ్య, చీటీలతో సహా ఉన్నాయి. మధ్యాహ్నానికి తొందరమ్మ కూడా కిందికి దిగి వచ్చింది. మాట్లాడలేదు గానీ మైక్రోస్కోపు మీది గుడ్డ తనే తీసింది. అద్దాలక్క ముందు గాజు స్కేలు పెట్టింది. ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి గీసిన గీతలుంటాయి దాని మీద. లెన్సు, సెట్టింగు, గీతలు మూడూ కుదిరాయని ముగ్గురూ చూశాక ఐదో బ్యాచ్ బిళ్ల పెట్టింది. పాత గుంట మూలన అలాగే ఉంది. తొందరమ్మ కొలిచింది. రెండోసారి కొలిచింది. మూడోసారి, నిదానంగా.

"నాలుగో బ్యాచ్‌లో ఎంతో ఇక్కడా అంతే," అంది. గ్రెయిన్లు కూడా అంతే. మేస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం.

అప్పుడు ఆ అమ్మాయి తెర మీంచి కళ్లు తిప్పకుండానే అంది: "గ్రెయిన్లు సగమైతే గట్టిదనం పెరగాలి కదా, పెరగలేదేంటని నాకు అప్పుడే అనిపించింది సార్. అనిపించినా, దానికి ఒక కారణం కల్పించి ఒక వాక్యం రాసేశాను."

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ వాక్యం బాగుందని మార్జిన్‌లో టిక్కు పెట్టింది నేనే కదమ్మా."

సవరణ రాయడానికి పది రోజులు పట్టింది. జర్నలు సంపాదకురాలు నాలుగు ప్రశ్నలు అడిగింది, కొత్త ఫొటోలన్నీ పంపమంది. మొదటి చిత్తులో ప్రొఫెసర్ "సాంకేతిక సిబ్బంది పొరపాటు వల్ల" అని రాశాడు. అద్దాలక్క ఆ ముక్క దగ్గర వేలు పెట్టింది.

"సిబ్బంది అంటే ఎవరు సార్? గది ఊడ్చే ఆయన కూడా సిబ్బందే. నా పేరు రాయండి."

"అక్కర్లేదమ్మా, ఇలాంటి వాటిలో పేర్లు రాసే అలవాటు లేదు."

"మంచి ఫొటోలప్పుడూ రాసే అలవాటు లేదు. కనీసం ఇప్పుడైనా రాయండి. అడిగేవాళ్లుంటే నన్నే అడుగుతారు."

ఆయన రాశాడు. తప్పు పట్టుకున్న మేస్త్రీకి కృతజ్ఞతలు కూడా, ఆయన పేరుతో, అదే పేరాలో. సవరణ బయటికి వచ్చిన రోజు నుంచి, ఆ పేపర్ ఎవరు తెరిచినా పైన ఎర్రటి పట్టీ కనబడుతుంది: ఈ వ్యాసానికి సవరణ ఉంది, చూడండి అని. తీసేయడానికి వీల్లేదు. ఇంట్లో ఫోను చూసి భర్త, "ఇన్నేళ్లకి అచ్చులో పేరు ఎక్కింది, నేరస్తుల జాబితాలోనైతేనేం," అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆయన చూడనట్టు మిషను తొక్కాడు.

ఆ తప్పు తేలిగ్గా ఏం పోలేదు. తొందరమ్మ థీసిస్‌లో ఒక అధ్యాయం తిరగరాయాల్సి వచ్చింది. మౌఖిక పరీక్ష రెండు నెలలు వాయిదా పడింది. కంపెనీవాళ్లు అంతకాలం ఆగుతారో ఆగరో అని ఆ అమ్మాయి గోళ్లు కొరుక్కుంది. ఆగారు. పరీక్షలో ఒక పెద్దమనిషి అరగంట సేపు ఆ ఎర్ర పట్టీ గురించే అడిగాడట. చివరికి, "ఎక్కువ కుదిపితే లాభం లేదని తేలడం కూడా ఫలితమే," అన్నాడట. అది మెచ్చుకోలో ఓదార్పో తనకీ తెలియలేదని తొందరమ్మ చెప్పింది. అప్పటికి అక్కతో మళ్లీ మాట్లాడుతోంది. పూర్తిగా పాతలా కాదు. ఏదైనా ఫొటో ఇస్తే ముందు సెట్టింగు చూసేది, ఎదురుగానే. మొదట్లో అద్దాలక్కకు చివుక్కుమనేది. తర్వాత, చూడకపోతే తనే గుర్తు చేసేది.

ఆ మధ్యే మేస్త్రీ ఫోన్ చేశాడు. గొంతు బొంగురు, వెనకాల ఏవో సుత్తి దెబ్బలు.

"అమ్మా, మిమ్మల్ని ఇరుకున పెట్టానా? మావాళ్లు తిడుతున్నారు నన్ను, పెద్ద చదువులవాళ్లకి తప్పులు పడతావా అని."

"అయ్యో, లేదన్నయ్యా. మీరు అడక్కపోతే ఇంకా ఎంతమంది అచ్చులు విరగ్గొట్టుకునేవాళ్లో."

"మేం మళ్లీ అరవై సెకన్లకి దిగాం. ఇప్పుడు అంచులు నిలబడుతున్నాయి. అది సరే గానీ, మీరు ఆ ముక్కల్ని అంత నున్నగా ఎలా తెస్తారు? మేమూ ఒక పాత మైక్రోస్కోపు కొన్నాం. మావి చూస్తే పిల్లి గోళ్లతో గీరినట్టున్నాయి."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నీళ్లు ఎంత ధారగా వదలాలి, ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి మారేటప్పుడు ముక్కను ఎటు తిప్పాలి, చేతులు ఎందుకు కడుక్కోవాలి. మధ్యలో ఆయన, "ఆగండాగండి, రాసుకోవాలి," అన్నాడు. అరగంట గడిచినా సగం కూడా కాలేదు. పక్కనే ఉన్న తొందరమ్మ వింటూ వింటూ కంప్యూటర్ దగ్గరకు జరిగింది.

"చెప్పక్కా, నేను టైపు చేస్తాను. ఆయనకి పంపి, అందరికీ కనపడేలా కూడా పెడదాం. ఇలాంటిది ఎక్కడా దొరకదు."

వారం రోజులు మధ్యాహ్నాల పూట కూర్చుని ఆరు పేజీలు చేశారు. తొందరమ్మ ఒకచోట "తగినంత ఒత్తిడి" అని రాస్తే అద్దాలక్క ఒప్పుకోలేదు. "తగినంత అంటే ఎవరికి తెలుస్తుంది? నిద్రపోయే పిల్లాడి వీపు మీద చెయ్యి వేసినంత అని రాయి." జర్నళ్లలో అలా రాయరని అమ్మాయి, రాయకపోతే మేస్త్రీకి అర్థం కాదని అక్క. చివరికి అలాగే రాశారు. ఇద్దరి పేర్లూ పైన వేశారు, ఆరో పేజీలో "చెడిపోయే విధానాలు" అని ఒక శీర్షిక పెట్టి, ఏ తప్పు చేస్తే ముక్క మీద ఏ గుర్తు పడుతుందో ఫొటోలతో సహా చూపించారు. ఆ ఫొటోల కోసం అద్దాలక్క పనిగట్టుకుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని, పదకొండు ముక్కల్ని చెడగొట్టింది.

"బాగు చేయడం కంటే ఇదే కష్టంగా ఉందే," అంది, పదకొండో ముక్క చేతిలోకి తీసుకుంటూ.